హిమవ్వ విస్తరి

తుహినపురిని దూరం నుంచి చూసేవాడికి అది దేవతలు కట్టుకున్న ఊరేమో అనిపిస్తుంది. పాలరాతి బురుజులు, వాటి మీద వెండి శిఖరాలు, శిఖరాల మీద మంచు, ఆ మంచు మీద పొద్దుటి ఎండ. వీధుల వెంట బారులు తీరిన దేవదారులు, వాటి కొమ్మల కొసలకు జూకాల్లా వేలాడే మంచు బిందువులు. కోట చుట్టూ గడ్డకట్టిన అగడ్త అద్దమై ఆ కోటను తలకిందులుగా చూపిస్తుంది. నిజానికి ఆ నగరాన్ని చూడవలసిన పద్ధతి అదే. ఉదారవర్మ అనే ఆ ఊరి రాజు తన బుద్ధిని కూడా సొంతానికి మిగుల్చుకోకుండా ఇంకొకరికి ధారపోసినంతటి ఉదారుడు. ఆ పుచ్చుకున్న మహానుభావుడి పేరు మర్మానందుడు. పైకి రాజగురువు, లోపల మాంత్రికుడు.

ఆ రోజు పొద్దు మళ్లే పండుగ. ఏడాది మొత్తంలో చిన్న పగలు అదే. మర్నాటి నుంచి సూర్యుడు మనసు మార్చుకుని ఉత్తరం దారి పడతాడు. ఆ రోజున ప్రతి గుమ్మానికీ పచ్చని దేవదారు కొమ్మ కట్టడం, ప్రతి పొయ్యిలోనూ పెద్ద మొద్దు రగిలించడం, చలికాలపు దేవత హిమవ్వ కోసం ప్రతి గడప ముందూ ఒక విస్తరి వెయ్యడం తాతముత్తాతల నాటి ఆచారం. ఈ ఏడు కొమ్మలూ లేవు, ఇళ్ల కప్పుల మీద పొగా లేదు. ప్రజల పొయ్యిల్లో ఉన్నది ఎంగిలి నిప్పనీ, అది దేవతకు పనికిరాదనీ మర్మానందుడు కనిపెట్టాడు. నిప్పుకు ఎంగిలి ఉంటుందని అంతవరకు ఏ మనిషికీ తోచలేదు. అందుకే ఆయన గురువయ్యాడు, మిగతావాళ్లు చలికి వణుకుతూ శిష్యులయ్యారు. ఊళ్లో పొయ్యిలన్నీ ఆర్పించి, కోటలో తన బంగారు కుంపట్లో మాత్రం నిప్పు ఉంచుకున్నాడు.

పొగ లేని ఆ కప్పుల మీద ఒక యువకుడు పిల్లిలా పరుగెత్తుతున్నాడు. వాడు మాణిక్యతీరపు రాజకుమారుడు అరిందముడు. వాళ్లది సముద్రపు ఒడ్డు, మంచు పేరు వినడమే తప్ప కళ్లతో చూసినవాడు కాదు. కస్తూరి వ్యాపారి వేషంలో ఈ దేశానికి వచ్చిన కొత్తలోనే గడ్డకట్టిన నది మీద ఠీవిగా నడవబోయి, మంచు పగిలి మునిగిపోయాడు. అప్పుడు ఒడ్డు నుంచి తాడు విసిరి, తానే లాగి ప్రాణం పోసింది రాజుగారి ఏకైక పుత్రిక వాసంతిక. ఇప్పుడు ఆ వాసంతికనే హిమదేవుడికిచ్చి పెళ్లి చెయ్యాలని మర్మానందుడు ముహూర్తం పెట్టాడు. హిమదేవుడు అనేవాడు ఒకడున్నాడని ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. కానీ గురువు చెప్పాడు కాబట్టి ఉన్నాడు.

ఆ పెళ్లి పేరుతో మంచు గుహలో ఆమెను నిలబెట్టి తలుపు మూస్తే పొద్దు గుంకేసరికి ఆమె నిలువునా మంచు బొమ్మవుతుంది. ఆ క్షణం నుంచి మాంత్రికుడికి చావు ఉండదు. ఇదంతా అరిందముడు మాంత్రికుడి నేలమాళిగలో దాక్కుని విన్నాడు. అక్కడ మర్మానందుడు తన పెంపుడు గుడ్లగూబతో గొప్పలు చెప్పుకుంటున్నాడు.

"గుహ తలుపు కరగాలంటే నా కుంపట్లో నిప్పే కావాలి. నా ప్రాణం కూడా అందులోనే ఉంది. దొంగిలించబోయిన చెయ్యి బూడిదవుతుంది. నా చేత్తో నేను ఇస్తే తప్ప ఆ నిప్పు గడప దాటదు. చెప్పు, నేను ఎవరికైనా ఏదైనా ఇచ్చానా ఇంతవరకు?"

గుడ్లగూబ పగలబడి నవ్వింది. దురదృష్టవశాత్తు అరిందముడికి అదే సమయానికి తుమ్ము వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి దళపతి గండరాయుడు, అతని భటులు వాణ్ణి తరుముతూనే ఉన్నారు.

"అడుగో! ఆ కప్పు మీద!" అని కింద నుంచి కేక. బాణం ఒకటి చెవి పక్కనుంచి జుయ్యిమని పోయింది. అరిందముడు పక్క కప్పు మీదికి దూకాడు. మాణిక్యతీరంలో కప్పుల మీద మంచు ఉండదు, అందువల్ల దాని మీద ఎలా దూకాలో వాడికెవరూ నేర్పలేదు. వీపు మీద జారుతూ, కప్పు మీది మంచంతా వెంటేసుకుని ఒక సందులోకి దబ్బున పడ్డాడు. లేచి కళ్లు తుడుచుకుంటే ఎదురుగా ఒక గుడిసె. గడప ముందు అడ్డాకు విస్తరి. విస్తరిలో పొయ్యి ఆర్పకముందే చేసి ఉంచిన సజ్జ రొట్టె, గుమ్మడికాయ పులుసు, నువ్వుల పొడి, బెల్లం ముక్క.

రాజకుమారుడే గానీ, తిండి మొహం చూసి అప్పటికి ఒక పగలూ ఒక రాత్రీ అయింది. ముందూ వెనకా చూడకుండా కూర్చుని లాగించేశాడు. బెల్లం ముక్క నోట్లో కరుగుతుండగా తలుపు తెరుచుకుంది. తెడ్డు చేతిలో పట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పేరు సింగారవ్వ. ఇళ్ల ముందు విస్తరి వెయ్యకూడదన్న రాజాజ్ఞను కాదని ఆ ఊరంతటిలోనూ విస్తరి వేసినది ఆమె ఒక్కతే.

"ఏందిరా, తినేస్తివా?" అంది ఆమె.

"ఆకలేసిందవ్వా. ఎవరికోసమో తెలియక..."

"బెల్లం గూడా తింటివా?"

"తిన్నాను."

సింగారవ్వ బోసి నోటితో కడుపుబ్బ నవ్వింది. "అయితే అయిపోతివి పో! ఆ విస్తరి హిమవ్వది. దాన్ని ఎవురు తింటే వాళ్లే పొద్దు గుంకేదాకా హిమవ్వ. మొగోడైనా సరే, ఆడదైనా సరే. నా మొగుడు బతికుండంగా ఒకసారి తాగొచ్చి తినేసినాడు. ఆ పొద్దంతా ఊరు ఊరే వాని కాళ్లకు మొక్కింది."

సందు మొదట్లో బూట్ల చప్పుడు వినిపించింది. ముసలమ్మ క్షణం ఆలస్యం చెయ్యకుండా దండెం మీది నల్ల గొంగడి లాగి వాడి నెత్తి మీద ముసుగు వేసింది. ఆ గొంగడిలో మేక వాసన, పొగ వాసన, చాలా ఏళ్ల నుంచి ఎవరూ ఉతకలేదన్న వాసన కలిసి ఉన్నాయి. మాణిక్యతీరంలో పట్టు పాన్పుల మీద పెరిగిన వీరుడు ముక్కు మూసుకున్నాడు.

గండరాయుడు కత్తి దూసి వచ్చి నిలబడ్డాడు. నేల మీద ఖాళీ విస్తరి, గోడకు ఆనుకుని గొంగడి ముసుగు. దాని కింద నుంచి వ్యాపారి చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి.

"వాడే! పట్టుకోండి!" అన్నాడు గండరాయుడు.

ఒక్క భటుడూ కదలలేదు.

"మీకు చెవుడా? పట్టుకోమంటుంటే!"

"దొరా, విస్తరి కాళీ అయింది, గొంగడి కప్పుకోనుంది," అన్నాడు ఒక బొద్దుమీసాల భటుడు. "ఇంట్లో పిల్లోళ్లు ఉండారు నాకు. నేనైతే చెయ్యెయ్యను."

"అది ఆడది కాదురా గాడిదా, ఆ చెప్పులు చూడు!"

"హిమవ్వ ఏ చెప్పులేసుకుంటాదో మనకేం తెలుసు దొరా? మీరు పట్టుకోండి, మేం చూస్తాం."

గండరాయుడు అడుగు ముందుకు వేశాడు. అంత వీరుడూ వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పిన కథ ఏదో గుర్తొచ్చి ఉంటుంది. కత్తి ఒరలో పెట్టి, ముసుగు వైపు కాకుండా గోడ వైపు చూస్తూ ఒక నమస్కారం లాంటిది పడేశాడు. "పొద్దు గుంకనీ. అప్పుడు చెబుతాను దీని పని," అని పళ్లు నూరి, ఆ సందు చివర కాపలా ఉంటానని వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే కోట మీది నుంచి పెద్ద బూర మోగింది. గుహ తలుపు మూసేశారన్నమాట. అరిందముడికి వాసంతిక గుర్తొచ్చింది. తనను నీళ్లలోంచి లాగిన చేతులు ఈపాటికి చల్లబడుతూ ఉంటాయి. ఇక మిగిలింది పొద్దు గుంకేవరకే.

"అవ్వా, నేను పోవాలి," అన్నాడు.

"పోదువులే. ముందు హిమవ్వ చేసే పని తెలుసుకోని పో. ఇంటింటికీ పోయి నిప్పు అడగాల. అడిగితే ఎవురైనా సరే పెట్టాల్సిందే. నువ్వెవురు అని అడగగూడదు, నువ్వు చెప్పగూడదు. పేరడిగిన ఇంట్లో నిప్పు గడ్డకడతాది. నిన్ను ఎవురన్నా నిప్పడిగితే నువ్వూ పెట్టాల. లేదంటే నీ గుండెకాయ మంచుగడ్డవుతాది."

అరిందముడు విసుగ్గా నవ్వాడు. "ఎందుకవ్వా ఈ పిచ్చి నియమాలు? ఇందులో అర్థం ఏమైనా ఉందా?"

"అర్థాలు కోటలో చెప్తారు, పోయి విను. మాకు కతలే వచ్చు. మా అమ్మ చెప్పేది, ఎనకట ఈ దినమే ఒక ముసల్ది గొంగడి కప్పుకోని నిప్పుకొచ్చిందంట. ఒకరు నీ పేరేందనిరి. ఒకరు ఏ ఊరనిరి. ఒకరు ఎవురి తాలూకనిరి. అందరూ అడగడం అయ్యేలోగా అది కడపటి గడప మింద కూచున్నది కూచున్నట్టే బిగుసుకోని పాయ. మా అత్త అట్ల కాదనేది. సూర్యుడింట్లో పొయ్యి ఆరిపోతే కొడుక్కోసం వాళ్లమ్మే నిప్పుకొచ్చిందంట. జనం పెట్టిన నిప్పుతోనే ఎండ మళ్లీ పెరుగుతాదంట."

"ఏది నిజం?"

"నాకేం తెలుసు? రెండింట్లోనూ నిప్పు పెట్టమనే ఉంది గదా," అంది సింగారవ్వ.

అరిందముడికి నవ్వు ఆగిపోయింది. గడప మీద బిగుసుకుపోయిన ఆ ముసలిదాని ముఖం ఊహించుకోబోతే వాసంతిక ముఖం కనిపించింది. ఆ వెంటనే మాంత్రికుడి మాట చెవుల్లో మోగింది. నా చేత్తో నేను ఇస్తే తప్ప!

"అవ్వా, కోటకు పోయి అడిగినా పెట్టాలా?"

"కోటయితే ఏం, గడప లేదా దానికి?" అని ముసలమ్మ లోపలికి వెళ్లి ఎండిన పిడక ఒకటి తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "ఇది మర్చిపోవద్దు. నిప్పుకు పోయేవాళ్లు పిడక తీసకపోవాల. ఉత్త చేతుల్తో పోతే నిప్పు యాడ పెట్టాల, నెత్తిన పెట్టాల్నా? ఇంగోటి విను. పొద్దు గుంకేదాకా ఆ నిప్పు ఇచ్చినోనిదే. గుంకినాక తెచ్చినోనిది. ఆరకుండా చూసుకో."

గొంగడి ముసుగు వీధిలోకి వచ్చేసరికి గుసగుసలు మొదలయ్యాయి. చలికి మంచాలు దిగని ముసలాళ్లు కిటికీల్లోంచి చూశారు. "హిమవ్వ! ఈ ఏడు గూడా వచ్చింది!" అని ఒకామె ఏడ్చేసింది. పొయ్యిలు ఆర్పుకుని సిగ్గుతో కూర్చున్న జనం ఒక్కొక్కరే వచ్చి వెనక నడవసాగారు. పెట్టడానికి నిప్పు లేదని వాళ్లు తలలు వంచుకుంటుంటే, ముసుగులోంచి ఒక చెయ్యి కోట వైపు చూపించింది. కాపలా ఉన్న గండరాయుడు ఏం చెయ్యాలో తోచక తానూ ఆ గుంపులో కలిసి నడిచాడు.

కోట ముందరి పాలరాతి వేదిక మీద ఆ వేళ పండిత సభ జరుగుతోంది. ఆ వైభవం చెప్పతరం కాదు. రత్నకంబళ్లు, ముత్యాల పందిరి, పందిరి కింద బంగారు కుంపటి. కుంపట్లో ఎర్రగా, నీలంగా, ఎవరి ఇళ్లనుంచో తెచ్చిన వెచ్చదనమంతా పోగుపడి మండుతోంది. పక్కనే మనిషి పడుకునేంత కంచు తాంబాళం నిండా ప్రజల ఇళ్ల నుంచి తెప్పించిన పిండివంటలు. హిమవ్వ విస్తరులు ఇకపై కోటలోనే వడ్డించాలని ఆజ్ఞ. ఆరగించేది హిమవ్వ, నమిలేది మాత్రం గురువుగారి శిష్యులు.

ఒక పండితుడు గొంతు సవరించుకుని పచ్చని కొమ్మ అంటే జీవుడనీ, దాని మీద మంచు మాయ అనీ నిరూపించాడు. రెండో పండితుడు లేచి కొమ్మే మాయ, మంచే జీవుడని నిరూపించాడు. మూడో పండితుడు ఇద్దరినీ మెచ్చుకుని తాంబాళంలోంచి అరిసె తీసుకున్నాడు. చలికాలంలో పచ్చగా ఉండే చెట్టు అదొక్కటే కాబట్టి కట్టుకుంటారేమో అని ఒక్కరికీ అనుమానం రాలేదు. చివరికి మర్మానందుడు చెయ్యెత్తి వాదన ఆపించాడు.

"మూఢులు హిమవ్వ అంటే ముసలమ్మ అనుకుంటారు. హిమవ్వ వ్యక్తి కాదు, తత్వం. తత్వానికి ఆకలి ఉండదు, చలి ఉండదు. అది ఎవరినీ ఏమీ అడగదు," అని సెలవిచ్చాడు గురువు.

"అమ్మా, కాస్త నిప్పు పెట్టండి!" అంది తత్వం.

సభ అంతా వెనక్కి తిరిగింది. నల్ల గొంగడి ముసుగు, వణికే చెయ్యి, చేతిలో పిడక. దాని వెనక ఊరంతా.

మర్మానందుడి నల్లని నొసలు ముడిపడింది. "ఎవరు నువ్వు?" అని గద్దించాడు.

ఆ మాటకు జనం ఒక్కసారిగా "అయ్యో!" అన్నారు. ఆచారాలన్నిటికీ లోపలి అర్థాలు విప్పి చెప్పిన మహాజ్ఞాని, పాలు తాగే పిల్లలు కూడా చెయ్యని తప్పు అందరి ఎదుటా చేశాడు. కుంపటి అంచు మీద తెల్లగా మంచు పేరుకుంది. మంట సగానికి కుంగింది. అరిసె తింటున్న పండితుడి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

సింహాసనం మీద ఉదారవర్మ కదిలాడు. చాలాకాలం తర్వాత ఆయన ముఖంలో ఆయనకే చెందిన భావం ఒకటి కనిపించింది. అది భయం. "గురుదేవా, మా అమ్మ కూడా చెప్పేది... పేరు అడగకూడదని. ఇచ్చి పంపండి, కాస్త నిప్పే కదా," అన్నాడు గొణుగుతూ.

మాంత్రికుడు ఇరుకున పడ్డాడు. కాదంటే ఊరు తిరగబడుతుంది, ఔనంటే ప్రాణం గడప దాటుతుంది. వెంటనే తెలివి పారించి వెండి ప్రమిద ఒకటి తెప్పించాడు. "ఇదిగో దీపం. తీసుకుని వెళ్లు."

"దీపం కాదు నాయనా, నిప్పు. కుంపట్లోది. ఇదిగో, పిడక మీద పెట్టు," అంది ముసుగు, పిడకను గురువుగారి ముక్కు కిందికి చాపి.

"పేడ! నా పవిత్రాగ్నిని పేడ మీద పెట్టాలా?" అని మర్మానందుడు కెవ్వుమన్నాడు. పన్నీటితో కడిగిన తన వేళ్లకు అది ఎక్కడ తగులుతుందోనని వెనక్కి గెంతాడు.

"పేడ లేనిదే మీ ఇంట్లో అన్నం ఎట్లా ఉడికింది నాయనా? అమ్మ ఎప్పుడూ పక్కింటికి పంపలేదా నిప్పుకు?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరసలు దాటి, భటులు దాటి, చివరికి పండితుల దాకా వచ్చింది. మర్మానందుడు ఏమైనా భరించగలడు గానీ నవ్వును భరించలేడు. ముఖం కందగడ్డ అయింది. ఒళ్లు తెలియని కోపంతో బంగారు పట్టకారు లాక్కుని, కణకణలాడే నిప్పు ఒకటి తీసి, "కావాలా? తీసుకో! తీసుకుని తగలబడు!" అని ముసుగు మీదికి విసిరాడు.

అరిందముడు చిన్నప్పటి నుంచి బంతి పట్టుకోవడంలో దిట్ట. పిడక అడ్డం పెట్టాడు. నిప్పు దాని నడిమధ్యన కూర్చుంది. సన్నగా పొగ లేచింది.

"ఇచ్చావు కదా, నీ చేత్తోనే! చాలు నాయనా," అన్నాడు మగ గొంతుతో.

బంగారు కుంపట్లో మిగిలినదంతా ఒక్క నిట్టూర్పుతో బూడిదైపోయింది. మర్మానందుడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. పెదవులు నీలంగా మారాయి, వేళ్ల కొసల నుంచి మంచు పాకసాగింది. "పట్టుకోండి! అది నా ప్రాణం!" అని అరవబోయి, అంతమందిలో ఆ రహస్యం బయటపెట్టడానికి నోరు రాక, "అది... అది తత్వం!" అన్నాడు. తర్వాత పిడికిలితో వేదికను గుద్దాడు. ఆవరణలోని మంచు కుప్పలు పగిలి, వాటిలోంచి నీలి కళ్ల తోడేళ్లు లేచాయి.

అరిందముడు ఒక్క తన్నుతో కంచు తాంబాళాన్ని బోర్లించాడు. అరిసెలు, లడ్లు పండితుల మీద వానలా కురిశాయి. తాంబాళాన్ని వేదిక అంచుకు ఈడ్చి, వెల్లకిలా తిప్పి, అందులో కూర్చుని కొండ వాలు మీదికి తోసుకున్నాడు. పిడక గొంగడి లోపల గుండెకు దగ్గరగా, అయితే గొంగడికి అంటుకోనంత దూరంగా పట్టుకున్నాడు. కంచు గంట మోగినట్టు మోగుతూ తాంబాళం దూసుకుపోయింది. దేవదారులు గిర్రున వెనక్కి పోతున్నాయి. ఒక తోడేలు అంచును కొరికి పళ్లు ఊడగొట్టుకుంది. ఇంకోటి ఎగిరి గొంగడి మీద పడబోయి, మేక వాసనకు కాబోలు, గాలిలోనే ముక్కు తిప్పుకుని పల్టీ కొట్టింది. వాలు చివర గొల్లల పశువుల కొట్టం. మేత నుంచి తిరిగొస్తున్న ఆవుల మంద నడుమ నుంచి తాంబాళం దూరిపోయింది. ఆవులు బెదిరి తలా ఒక దిక్కుకు పరిగెత్తి, తోడేళ్లను కుళ్లబొడిచి మంచు పొడి చేసేశాయి.

కొట్టం దాటితే మంచు గుహ. తాటిచెట్టంత ఎత్తున నీలపు తలుపు, దాని లోపల మసకగా ఒక తెల్లని ఆకారం. అరిందముడు పరుగున వెళ్లి పిడకను తలుపుకు ఆనించాడు. నిప్పు తగిలిన చోట చిన్న కన్నం పడింది, కన్నం కిటికీ అయింది, కిటికీ గుమ్మమై మంచు గలగలా కారిపోయింది. పెళ్లికూతురి అలంకారంలో వాసంతిక బయటికి తూలి వాడి చేతుల్లో పడింది. కనురెప్పల మీద మంచు, బుగ్గలు సున్నం రంగు. వాడు ఆమెను గాలి తగలకుండా గుమ్మం లోపల కూర్చోబెట్టి, పిడక ఆమె చేతుల మధ్య పెట్టి ఊదుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచి వాణ్ణి కిందికీ పైకీ చూసింది.

"మీ దేశంలో రాజకుమారులు ఇలాగే వస్తారా? ఈ వాసనతో?" అంది నెమ్మదిగా.

"మీ దేశంలో విస్తరి తింటే ఇలాగే చేస్తారు," అన్నాడు అరిందముడు.

కొండ మీది నుంచి మంచు దొర్లి పడే చప్పుడయింది. తిరిగి చూసేలోగా గుహ ముందరి దారి మూసుకుపోయింది. గుమ్మానికి మనిషి చెయ్యి పట్టేంత సందు మాత్రం మిగిలింది. ఆ సందులోంచి పడమటి కొండ అంచు మీద కూర్చున్న సూర్యుడు కనిపిస్తున్నాడు.

"మర్మానందుడి ప్రాణం ఈ నిప్పులోనే ఉంది, దీన్ని మంచులో ముంచేస్తాను. వాడి పీడ విరగడవుతుంది," అన్నాడు అరిందముడు.

వాసంతిక వాడి చెయ్యి పట్టుకుంది. "ఊళ్లో ఇంకెక్కడా నిప్పు లేదు. ఇది ఆరితే తెల్లారేసరికి మా వాళ్లంతా బిగుసుకుపోతారు. వాడు ఒక్కడు చావడం కోసం అందరినీ చంపుతావా? పొద్దు గుంకనీ. గుంకగానే ఇది నీదవుతుంది, వాడికి దిక్కుండదు."

అరిందముడు తల వంచి పిడక మీద ఊదాడు. అది సగం కాలింది. సగం చాలు. సూర్యుడు ఇంకా కదలడం లేదు. అంత చిన్న పగటికి అంత పొడుగు చివర ఉంటుందని వాడు అనుకోలేదు.

అప్పుడు సందు బయట ఎవరో ఈడ్చుకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు. వణుకుతున్న ముసలి గొంతు.

"అమ్మా... చలికి చచ్చిపోతున్నాను. కాస్త నిప్పు పెట్టండమ్మా."

వాసంతిక ముఖం పాలిపోయింది. అరిందముడి గుండెల్లో సన్నగా చల్లదనం పాకింది. కాదనడానికి లేదు. నువ్వెవరని అడగడానికీ లేదు. గొంగడి ఇంకా వాడి ఒంటి మీదే ఉంది, పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. బయట ఉన్నది నిజంగా దారి తప్పిన ముసలమ్మే అయితే?

సందులోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి అరచెయ్యి చాపింది. ముడతలు పడిన ముసలి చెయ్యి. అరిందముడు పిడక పట్టుకుని వంగాడు. వంగి ఆ అరచేతిని చూశాడు. ఉత్త చెయ్యి. చేతిలో ఏమీ లేదు. దాని నుంచి మెల్లగా పన్నీటి వాసన వస్తోంది.

వాడి పెదవుల మీదికి సింగారవ్వ నవ్వు వచ్చింది.

"పెడతానవ్వా, పెట్టకేం?" అన్నాడు. "నీ పిడక ఏది?"

చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత ఆ చెయ్యి గబుక్కున వెనక్కి పోయింది. లోకంలోని మర్మాలన్నీ విప్పిన రాజగురువు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతోనూ మంచు తవ్వుకుంటూ పేడ కోసం వెతుకుతున్న చప్పుడు వాళ్లిద్దరికీ స్పష్టంగా వినిపించింది. వాసంతిక నవ్వబోయి నోరు మూసుకుంది. పడమటి కొండ మీద సూర్యుడు సగం మాత్రమే దిగాడు.

ఇంతలో వాలు కింద, కొట్టం వైపు నుంచి, ఒక ఆవు అంబా అని అరిచింది. మంచు తవ్వే చప్పుడు ఆగి, అడుగులు అటువైపు పరుగందుకున్నాయి.